ఆకు బాగానే ఉంది

మా మామగారికి నేనంటే మొదటినుంచీ సరిపడదు. పెళ్లిచూపుల్లో నేనేం చదివానని అడిగారు. మొక్కల వైరస్సుల మీద పరిశోధన అని చెప్పగానే, "అయితే మొక్క చచ్చాక వచ్చే డాక్టరువన్నమాట," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆ మాట ఎంతమంది ముందు అన్నారో లెక్కలేదు. ప్రతిసారీ నవ్వడం నావల్ల కాలేదు.

ఆయన పేరు సదాశివరావు. కూరగాయల్లో కొత్త వంగడాలు తయారుచేసే శాస్త్రవేత్తగా పనిచేసి రిటైరయ్యారు. అత్తగారు పోయాక బాపట్ల ఇల్లు అద్దెకిచ్చి ఢిల్లీలో మా దగ్గరికి వచ్చేశారు. మా ఆయన సుధీంద్ర కేంద్ర ప్రభుత్వంలో అధికారి. నేను గుర్గావ్‌లో ఒక ప్రైవేటు ల్యాబులో మొక్కలకూ విత్తనాలకూ తెగుళ్ల పరీక్షలు చేస్తాను. వసంత్ కుంజ్‌లో మా ఫ్లాటులో బాల్కనీ ఉన్న గది ఆయనది. అంతకుముందు అది మా అమ్మాయి హాసినిది.

ఆయన ఊరికే కూర్చునే మనిషి కాదు. నోయిడా వైపు యమున ఒడ్డున ఇసుక నేల కొంత కౌలుకు తీసుకుని పసుపు దోస పెంచడం మొదలుపెట్టారు. పప్పులోకి, పచ్చడిలోకి మనం వాడే గుండ్రటి దోస. దానికి మొజాయిక్ తెగులు పెద్ద శత్రువు. ఆకు మీద లేతపచ్చ, ముదురుపచ్చ మచ్చలు పడతాయి. తీగ ముడుచుకుంటుంది, కాయ గిడసబారుతుంది. ఆయన ఏటా ఏ మొక్క ఆకు పచ్చగా నిలిచిందో చూసుకుని దాని గింజలే దాచి, మళ్లీ అవే వేస్తూ వచ్చారు. ఆ వేసవికి తన వంగడం సిద్ధమైందన్నారు. మన జిల్లాల్లో రైతులకు విత్తనాలు పంచే ఒక సంస్థ దాన్ని తీసుకోవడానికి ఒప్పుకుంది. తల్లిమొక్కల ఆకుల్లో వైరస్ లేదని ఒక ల్యాబు రిపోర్టు మాత్రం కావాలంది.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద ప్లాస్టిక్ సంచుల్లో దోస ఆకులున్నాయి. మంచినీళ్లయినా తాగకముందే మామగారు అన్నారు.

"మీ ల్యాబులో చేయించు. బయట ఇస్తే నెలంతా తిప్పుతారు."

"చేయిస్తాను. కాకపోతే సంతకం నేను పెట్టకూడదు మామయ్యగారూ. మా బాస్ పెడతారు."

"నీ సంతకం నాకెందుకు? దాంతో నాకేం పని?"

పరీక్ష చేయించాను. మేం చేసే పద్ధతిలో, నలిపిన ఆకు రసం చిన్న గుంటల్లో పోసి మందులు కలిపితే వైరస్ ఉన్న గుంట పసుపురంగుకు తిరుగుతుంది. ఆయన ఆకుల గుంటలన్నీ నీళ్లలా తెల్లగానే ఉండిపోయాయి. ఇంటికొచ్చి చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఇప్పుడేమంటావు?"

"నేనేం అంటాను. ఆకులు బాగున్నాయి."

"నోరారా ఒక మంచిమాట అంటే ముత్యాలేం రాలవు," అని గదిలోకి వెళ్లారు. సుధీంద్ర నావైపు చూశాడు, ఆయన అడిగిన ఆ ఒక్క మాట ఇచ్చేస్తే ఏం పోయిందన్నట్టు. నిజమే, ఇచ్చి ఉండవచ్చు. నాకు రాలేదు.

మా బాస్ టూర్‌లో ఉండడంవల్ల రిపోర్టు బయటికి వెళ్లడం ఆలస్యమైంది. ఈలోగా మే వచ్చింది. మొదటి కాయలు దిగాయి. ఆయన ఒక సంచి నిండా తెచ్చి వంటింట్లో పెట్టి, పై అంతస్తులో ఉన్న తెలుగువాళ్లకీ, ఆర్.కె. పురంలో తెలిసినవాళ్లకీ పంచి వచ్చారు. ఇంట్లో అందరికన్నా ఆలస్యంగా ఆ కాయను ముట్టింది నేనే.

పప్పులోకని ఒకటి కోశాను. చేదుందేమోనని తొడిమ దగ్గర ముక్క కొరికి చూడడం అలవాటు. చేదు లేదు. కానీ తొడిమ కింద గుజ్జు తెల్లగా లేదు. నీరు పట్టినట్టు, గాజులా, లోపలి దారాలు కనిపించేలా ఉంది. ఇంకొకటి కోశాను. అదీ అంతే. మూడోది శుభ్రంగా ఉంది. కాయల పైన మాత్రం ఏ మచ్చా లేదు, నిగనిగలాడుతున్నాయి. పప్పు చేసి పెట్టేశాను. మొజాయిక్ వైరస్ అయినా మనుషులను ఏమీ చెయ్యదు. కొన్ని ముక్కలు మాత్రం డబ్బాలో పెట్టుకుని మర్నాడు ల్యాబుకి పట్టుకుపోయాను.

కాయ గుజ్జు గుంట పసుపుపచ్చగా తిరిగింది. గింజలు తీసి, పొట్టు వేరుగా, లోపలి పప్పు వేరుగా నూరాను. పొట్టు పసుపు. పప్పు తెలుపు. రిపోర్టు పంపవద్దని మా బాస్‌కు చెప్పి ఇంటికి వచ్చాను.

భోజనాల దగ్గర చెప్పాను. అంతకన్నా మంచి సమయం మా ఇంట్లో ఎప్పుడూ ఉండదు, నలుగురం కలిసేది అప్పుడే.

"ఆకులో లేకుండా కాయలోకి ఎలా వస్తుంది?" అన్నాడు సుధీంద్ర.

"మొక్క ఒకటే అయినా అన్ని చోట్లా వైరస్ ఒకేలా ఉండదు. ఎదిగే చివుళ్లలోకి అది దాదాపు చేరదు. కొన్ని రకాల్లో ఆకు దాన్ని అణిచిపెట్టేస్తుంది, వేరుకు ఆ శక్తి ఉండదు. అక్కడ పెరుగుతుంది. కాయలోకి, గింజ పొట్టులోకి వస్తుంది. గింజ లోపలికి మాత్రం రాదు."

"విన్నావా," అన్నారు మామగారు కొడుకుతో. "గింజ లోపల లేదని తనే చెబుతోంది. మొలకెత్తేది లోపలి పప్పే కదా. పైపొట్టు ఎవడిక్కావాలి?"

"మొలక ఆ పొట్టును చీల్చుకునే కదా వస్తుంది. అప్పుడు అంటుకుంటుంది. అన్నిటికీ కాదు, కొన్నిటికి. ఆ కొన్ని చాలు."

"నాకు పాఠం చెప్పకు. కాయ ఏ కత్తితో కోశావు?"

"ఇంట్లో కత్తితోనే."

"ముందురోజు బజారు ఖీరా దోస ఏ కత్తితో కోశావు?"

ఆ వైరస్ కత్తికి అంటుకుని ఒక కాయ నుంచి ఇంకో కాయకు పోతుంది. అది ఆయనకూ తెలుసు.

"నీ వంటింటి మురికి తెచ్చి నా చేలో ఉందంటున్నావు. కోర్టులో అయితే ఈపాటికి కేసు కొట్టేసేవారు." ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. "చేలోకి వచ్చి కొయ్యి. నా కళ్లముందు కొయ్యి. అప్పుడు మాట్లాడు."

హాసిని ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "కెన్ వుయ్ నాట్ ఫైట్ ఎబౌట్ సబ్జీ ప్లీజ్," అంది.

ఆ ఆదివారం పొద్దున్నే ముగ్గురం బయలుదేరాం. సుధీంద్ర కారు నడిపాడు, ఆయన ముందు కూర్చున్నారు, నేను వెనక సీట్లో మంచుపెట్టెతో. డీఎన్‌డీ వంతెన దాటేదాకా తండ్రీకొడుకులు క్రికెట్ గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత అదీ లేదు. అప్పటికే వడగాలి మొదలైంది. కారు దిగగానే ఇసుక మొహానికి కొట్టింది.

తోట బాగుందని ఒప్పుకోక తప్పదు. చుట్టుపక్కల ఖీరా మడులు పసుపుబారి, సగం ఎండి ఉన్నాయి. మధ్యలో ఆయన దోస ఒక్కటే పచ్చగా పాకింది. తల్లిమొక్కలు గుప్పెడే, ఒక వరసలో, ఒక్కోదానికి వెదురుపుల్ల గుర్తు. ఆయన వాటి మధ్య నడుస్తుంటే నాకు ఇంట్లో కనిపించే మనిషిలా లేరు. వంగి తీగను దారిలోంచి పక్కకు తప్పించి మరీ అడుగు వేస్తున్నారు.

చేతికి తొడుగు వేసుకున్నాను. ఒక్కో మొక్కకు కొత్త బ్లేడు తీసి ఆయనకు చూపించి మరీ కోశాను. చివురు, ముదురు ఆకు, తొడిమతో చిన్న కాయ, దేని సంచిలో అది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డారు. అయిపోయాక అన్నాను.

"వేరు కావాలి."

"వేరు తియ్యాలంటే మొక్క పోతుంది."

"అవును."

"కాయ కోశావుగా, నా ముందే. అది చాలదా?"

"కాయలో ఉంటే గాలికి వచ్చిందంటారు, పురుగు తెచ్చిందంటారు, పక్క మడి నుంచి వచ్చిందంటారు. వేరులో ఉంటే అనరు."

"ఉషా, వదిలెయ్యి," అన్నాడు సుధీంద్ర. అతని చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. "ఉన్నదాంతో చేసుకో."

మామగారు నన్నే చూస్తున్నారు. "ఏదీ, పీకు," అన్నారు. "చేతనైతే పీకు చూద్దాం. ఇది ఇట్లా నిలబడడానికి ఎన్నేళ్లు పట్టిందో నీకు తెలుసు. నీకు చంపడమేగా వచ్చు."

పీకనని అనుకున్నారు. నేను దగ్గరున్న మొక్క మొదలు పట్టుకుని లాగాను. ఇసుక నేల కదా, పెద్దగా కష్టపడకుండానే వచ్చేసింది. వేళ్లు తెల్లగా, పొడుగ్గా, తడి ఇసుకతో ఉన్నాయి. దులిపి సంచిలో వేశాను. తీగ మాత్రం నేలమీద అట్లాగే పడుంది, ఇంకా ఏమీ తెలియనట్టు పచ్చగా.

ఆయన వెనక్కి తిరిగి కారు దాకా నడిచి వెళ్లి, వెనక సీట్లో కూర్చున్నారు. నేను ముందు కూర్చున్నాను. మంచుపెట్టె ఆయన పక్కనే ఉంది. మలుపుల్లో అది జారి ఆయన మోకాలికి తగులుతుంటే విన్నాను. ఆయన దాన్ని పట్టుకోలేదు.

చివుళ్లలో లేదు. ఆకుల్లో లేదు, ఒక ముదురు ఆకులో మాత్రం ఉందా లేదా అన్నట్టు చిన్న ఛాయ. తొడిమల్లో ఉంది. వేరు గుంట అయితే మందు పోసిన కాసేపటికే చిక్కటి పసుపుకు తిరిగిపోయింది. మా ల్యాబులో అమ్మాయి ఒకతె, "మేడమ్, యే కంట్రోల్ హై క్యా?" అని అడిగింది. వైరస్ ఉందని ముందే తెలిసిన నమూనా అనుకుంది, అంత ముదురుగా ఉంది.

ఆయన చేసిన పనిలో మోసం ఏమీ లేదు. అది నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఏళ్ల తరబడి ఆకును చూసి ఎంచుకుంటూ పోయారు. తెగులు ఉన్నా ఆకులో బయటపెట్టని మొక్కలే చివరికి ఆయన చేతిలో మిగిలాయి. ఆ మొక్కకు ఏం కాదు. దాని వేరు మిగిలిన నేలలో, దాన్ని తడిపిన నీళ్లలో పెరిగే ఇంకో మొక్కకు అవుతుంది. ఇదే ఇంట్లో చెప్పాను. ఆయన గదిలో ఉన్నారు, తలుపు తీసే ఉంది. సుధీంద్రకు చెబుతున్నట్టు ఆయనకు వినిపించేలా చెప్పాను.

సుధీంద్ర తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఆ సంస్థవాళ్లు ఏం అడిగారు? ఆకు పరీక్ష. ఆకులో లేదు. అవునా కాదా?"

"అవును."

"మరి అది రాసివ్వడానికి నీకేం? అబద్ధం రాయమనడం లేదుగా. నిన్నడిగింది ఆకు గురించి. ఆకు సంగతి చెప్పు చాలు."

"వేరు చూశాక ఆకు ఒక్కటే ఎలా చెప్పను?"

"చూడమని ఎవరన్నారు?"

నేను లేచి వెళ్లబోయాను. "నాన్నకి ఇది ఆఖరి పని," అన్నాడు. "నీకిది రోజూ వచ్చే వంద శాంపిళ్లలో ఒకటి."

మా ల్యాబు నుంచి రిపోర్టు వెళ్లలేదు. ఆయన ఇంకో చోట ఆకులు ఇచ్చి పరీక్ష చేయించుకున్నారు. వైరస్ లేదని వచ్చింది. ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అంటించారు, నేను పాలు తీసినప్పుడల్లా కనిపించేలా. సంస్థకు ఒక కాపీ పంపించారు.

ఆ రోజునుంచి ఆయన నా చేతి వంట మానేశారు. గదిలో చిన్న రైస్ కుక్కర్ పెట్టుకున్నారు. అన్నం, పెరుగు, బజారు పచ్చడి. ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీయగానే కుక్కర్ ఆవిరి వాసన వచ్చేది. నేనేదైనా అడిగితే వినపడనట్టు ఉండేవారు, హాసినిని పిలిచి దాని ద్వారా జవాబు చెప్పేవారు. "మమ్మా, తాతా సే పూఛో తుమ్ ఖుద్," అని, తాతను నువ్వే అడుక్కోమని హాసిని విసుక్కునేది. ఢిల్లీ పక్కనే ఇందిరాపురం నుంచి ఆయన కూతురు ఛాయాదేవి ఫోన్ చేసి, "ఇంట్లో పెద్దాయన వేరే వండుకు తింటుంటే మీకు ముద్దెలా దిగుతోంది వదినా?" అంది. దిగుతోందని చెప్పాను. అట్లా అనకుండా ఉండాల్సిందని ఫోన్ పెట్టాక కూడా నాకు అనిపించలేదు.

జూన్ మధ్యలో ఒక సెలవురోజు పొద్దున అంకయ్య ఫోన్ చేశాడు. అంకయ్య బాపట్ల దగ్గర వాళ్ల సొంతూళ్లో రైతు. మామగారితో చిన్నప్పుడు కలిసి చదివినవాడు. మామగారికి ఒక చెవి సరిగా వినపడదు కనుక ఎప్పుడూ స్పీకర్ పెట్టి మాట్లాడతారు. హాల్లో టీ తాగుతున్నారు. సుధీంద్ర పేపరు చూస్తున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను.

"అయ్యా, మీ ఇత్తనం సంగతి చెబుదామని చేశా. ఆకు మీద ఒక్క మచ్చ లేదంటే నమ్ముతారా? ఊరంతా వచ్చి చూసిపోతన్నారు."

"అట్లాగా." ఆయన గొంతులో ఎన్నాళ్లనుంచో వినని హుషారు. నాకు వినపడాలనే అనుకుంటా, ఫోన్ ఇంకాస్త పెద్దది చేశారు. "మిగతావాళ్లవి ఎట్లా ఉన్నాయి?"

"వాళ్ల సంగతి అడగమాకండి. మన పక్కన నాగేంద్రమ్మ పుచ్చతోట తెలుసుగా, మొత్తం పోయింది. ఆకు ముడతబడింది. కాయ కోస్తే లోపలంతా స్పంజిలాగా అయిపోయి వాసన కొడతాంది. లారీ వచ్చి ఖాళీగా పోయింది. ఆ కింద వీరరాఘవులు బీరపాదులు కూడా అంతే. ముగ్గురివీ ఒకే కాలవ నీళ్లేనాయె. వాళ్లకొచ్చింది, మనకు రాలా. మీ ఇత్తనం మహిమ. వచ్చే పంటకు ఊళ్లో అందరికీ మన గింజలే ఇస్తానని మాటిచ్చా."

నేను చెయ్యి తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాను. ఆయన నన్ను చూశారు. పొలానికి వెళ్లొచ్చిన తర్వాత ఆయన నా మొహంలోకి చూడడం అదే మొదటిసారి.

"మళ్లీ చేస్తాను అంకయ్యా," అని ఫోన్ పెట్టేశారు.

నేను వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాను. కూలర్ చప్పుడు ఒక్కటే.

"అంకయ్యకి గింజలు ఎప్పుడిచ్చారు?" అని అడిగాను.

"ఫిబ్రవరిలో. పోయినేడు దాచినవి." హాసినిని పిలవకుండా నాకే చెప్పారు. "ఉన్నవన్నీ పంపించాను."

సుధీంద్ర పేపరు కిందపెట్టాడు. "ఆ పుచ్చకి వేరే ఏదైనా తెగులు కావచ్చు కదా, ఉషా."

"కావచ్చు. పరీక్ష చేస్తే తెలుస్తుంది."

మామగారు చెయ్యి ఎత్తి కొడుకును ఆపారు. "కాలవ నీళ్లలో పోతుందా?" అన్నారు.

"పోతుంది. వేరు ముక్క కొట్టుకుపోయినా చాలు."

"కూలీల చేతులకి?"

"చేతులకి, కత్తులకి, కాళ్లకి."

"నేలలో ఎన్నాళ్లుంటుంది?"

"ఎండిన వేరు పూర్తిగా చివికిపోయేదాకా ఉంటుంది. ఒక ఏడాది అనుకోండి, ఇంకా ఎక్కువే కావచ్చు."

ఆయన అడిగినవేవీ ఆయనకు తెలియనివి కావు. ఒక్కొక్కటీ నా నోటితో చెప్పించుకుని, ఒక్కొక్కదానికీ తల ఊపారు. టీ మీద మీగడ కట్టింది. తర్వాత ఫోన్ బల్ల మీద నావైపు నెట్టారు.

"నువ్వే చెప్పు వాడికి. పెద్ద డాక్టరువి కదా. నీకైతే సంతోషంగా కూడా ఉంటుంది."

"విత్తనం నేనివ్వలేదు మామయ్యగారూ."

"ఉషా," అన్నాడు సుధీంద్ర. "ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడే."

ఫోన్ మళ్లీ ఆయన వైపు నెట్టాను. ఆయన కళ్లజోడు తీసి పెట్టుకుని, నంబరు నొక్కారు. స్పీకర్ తియ్యలేదు.

"అంకయ్యా, మన తోట పీకెయ్యాలి."

అవతల నవ్వు వినిపించింది. "ఏందయ్యా?"

"దోస మొత్తం పీకెయ్. వేళ్లతో సహా. చేలో వదలమాక, కాలవ పక్కన అసలే వదలమాక. గుంట తీసి కాల్చేసెయ్. కాయలు అమ్మొద్దు, గింజ ఒక్కటి ఉంచొద్దు. ఆ నేలలో దోస, పుచ్చ, బీర, సొర, ఏదీ ఇప్పట్లో వెయ్యొద్దు. వరో జొన్నో వేసుకో."

"ఆకు బాగానే ఉందయ్యా," అన్నాడు అంకయ్య. "నేను ఇప్పుడే చేలోంచి వచ్చా. నా మాట నమ్మండి, ఆకు బాగానే ఉంది."

"ఆకు బాగానే ఉంటుంది. రోగం వేళ్లలో ఉంది. మా కోడలు పరీక్ష చేసి చూసింది, నేనే వినలా."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నావైపు చూడలేదు. బాల్కనీ వైపు చూశారు.

లైను తెగిందేమోననుకున్నాను. తర్వాత అంకయ్య గొంతు వేరేగా వచ్చింది.

"అంటే నాగేంద్రమ్మ పుచ్చ..."

"అవును. మన చేలోంచే పోయుంటుంది."

"ఆమె పొద్దునే ఇక్కడికొచ్చి ఏడ్చిపోయింది సదాశివం." అయ్యా అనే మాట పోయింది. "నేను ఓదార్చి పంపించా. మా ఇత్తనం ఇస్తాలే అని చెప్పా. ఇప్పుడు ఆమెకేం చెప్పమంటావు? ఊళ్లోవాళ్లకేం చెప్పమంటావు?"

"నా పేరు చెప్పు," అన్నారు మామగారు.

ఫోన్ పెట్టేసి, ఆ టీ అట్లాగే తాగేసి, కప్పు తీసుకెళ్లి సింకులో పెట్టారు. దారిలో ఫ్రిజ్ మీది కాగితం తీసి మడిచి జేబులో పెట్టుకున్నారు. విత్తనాల సంస్థకు వద్దని ఆయనే రాశారు. ఏం రాశారో సుధీంద్రకు చూపించారట, నాకు చూపించలేదు. యమున ఒడ్డున తోట కూడా ఆ వారంలోనే పీకించేశారు.

మంచి జరిగిందని, ఇక ఇంట్లో అంతా సర్దుకుంటుందని నేను అనుకున్నమాట నిజం. తప్పు ఒప్పుకున్న మనిషికి కోపం పోతుందనుకున్నాను. పోలేదు. ఆ తర్వాత ఆయన నాతో హాసిని ద్వారా కూడా మాట్లాడలేదు. వానలు పడకముందే ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బాల్కనీ గది ఖాళీగా ఉంది. ఛాయాదేవి కారు తెచ్చి ఇందిరాపురం తీసుకెళ్లిందని సుధీంద్ర చెప్పాడు.

"ఆగమని అన్నావా?" అని అడిగాను.

"నువ్వుంటే అనేదానివా?" అన్నాడు.

ఇందిరాపురం చేరిన కొద్దిరోజులకే ఆయన ఎవరికీ చెప్పకుండా రైలెక్కి ఊరికి వెళ్లారట. నాగేంద్రమ్మ ఇంటికీ, వీరరాఘవులు ఇంటికీ వెళ్లారట. అక్కడ వాళ్లేమన్నారో, ఈయనేమన్నారో ఎవరికీ చెప్పలేదు. వడదెబ్బ తగిలి తిరిగొచ్చి వారం మంచంలో ఉన్నారు. ఛాయాదేవి అది కూడా నా ఖాతాలోనే వేసింది. "నీ పరీక్ష పూర్తయిందిగా వదినా," అని ఫోన్ పెట్టేసింది.

సుధీంద్ర, నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. కరెంటు బిల్లు, హాసిని ట్యూషన్, పనిమనిషి సెలవులు, వీటి గురించి మాట్లాడుకుంటాం. ఆ వేసవి గురించి ఒకసారి మాత్రం తనే ఎత్తాడు. "నువ్వు చేసింది తప్పని నేను అనను," అన్నాడు. "కానీ ఆ రోజు ఫోన్ ఆయన వైపు నెట్టావు చూడు, అది మర్చిపోలేను." నేను కూడా మర్చిపోలేదు. మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ నెడతాను. అది అతనికి చెప్పాను.

బాల్కనీ గది ఇప్పుడు హాసినిది. ఆదివారాలు మామగారు దానికోసం ల్యాండ్‌లైనుకు చేస్తారు. ఒక్కోసారి హాసిని స్నానంలో ఉంటుంది, నేనే తియ్యాల్సి వస్తుంది. మొన్న కూడా అట్లాగే తీశాను.

"బాగున్నారా మామయ్యగారూ?" అన్నాను.

"పాపకివ్వు," అన్నారు.